ఉప్పుచేప మంట

శ్రీకాకుళంలో ఓ కాలేజీకి కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు సుందరరావు. చద్దన్నంలో కాల్చిన ఉప్పుచేప నంజుకోనిదే కళింగపట్నంలో బస్సెక్కడు. ఇక చెయ్యి కడగడమంటారా, పంచెకి తుడిస్తే చాలదూ! ఆ చేత్తోనే ల్యాబులో ప్లాటినం తీగని సవరించేవాడు. దాంతో ఏ లవణాన్ని మంటలో పెట్టినా ఉప్పులోని సోడియమే పసుప్పచ్చగా వెలిగేది.

"ఎదవ తీగ, పాడయిపోనాది!" అని తీగని తిట్టేవాడు.

అరవై ఎనిమిదిలో ప్రాక్టికల్స్‌కి విశాఖపట్నం నుంచి ఎగ్జామినరు వచ్చాడు. పొటాషియం లవణం పెట్టి చూపించమన్నాడు. ఊదారంగు రావలసిన మంట పసుప్పచ్చగా భగ్గుమంది.

"ఏమయ్యా, ఇందులోకి సోడియం అయాను ఎక్కణ్ణించి వచ్చింది?"

సుందరరావు తన వేళ్లు వాసన చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"మా కళింగపట్నం నుంచండి బాబూ! మంచి సేప!"