ఎవరూ పలకరించని సాయంత్రం

మా పిచర్ గారు పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. ఆయన భార్య మావారికి ఫోన్ చేసి చెప్పారు. నేను అప్పుడే దీపం వెలిగించి పూలు సర్దుతున్నాను. పూజ మధ్యలో మావారు నన్ను ఎప్పుడూ పలకరించరు. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి, "మన పిచర్ ఇక లేరట" అన్నారు. చేతిలో ఉన్న చామంతి దేవుడి పాదాల దగ్గర పెట్టి, ఆయన పేరు తలచుకుని లేచాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండకపోవచ్చు. పెద్ద టీముల్లో ఆడి పేరు తెచ్చుకున్న మనిషి కాదు. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌కి అరగంట దూరంలో ఒక చిన్న ఊరి బేస్‌బాల్ టీమ్ ఉండేది. దానికి ఆయన పిచర్. పిచర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివారు. టీములో మిగతా అందరూ పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు. ఈయనకి అప్పటికే చెంపలు నెరిశాయి.

ఒక వేసవిలో మావారి ఆఫీసులో టికెట్లు ఇస్తే మొదటిసారి వెళ్ళాం. ఆట నాకు బొత్తిగా అర్థం కాలేదు. ఆయన్ని మాత్రం చూస్తూ కూర్చున్నాను. బంతి వేయడానికి ముందు, నిలబడే చోట మట్టిని బూటుతో మెల్లగా చదును చేసుకునేవారు. ముగ్గు పెట్టే ముందు మనం వాకిలి సరిచేసుకుంటామే, అంత ఓపికగా. తన వాళ్ళెవరైనా చేతిలోకి వచ్చిన బంతిని జారవిడిస్తే మొహం చిట్లించేవారు కాదు. ఆ కుర్రాడు తలెత్తి తనవైపు చూసేదాకా ఆగి, ఏదో ఒక మాట అని నవ్వించేవారు. ఏమనేవారో చాలా ఏళ్ళ తరవాత అడిగాను. "రాత్రికి ఏం తింటున్నావని అడిగేవాణ్ణి" అన్నారు. ఆయన ఇంగ్లీషులో అన్న మాటలను నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను.

ఆ మనిషి కోసమే ప్రతి వేసవిలోనూ వెళ్ళడం మొదలుపెట్టాం. ఇప్పుడు చెప్పబోయేది ఆయన ఆఖరి ఏడాది సంగతి. ఆ సాయంత్రం అవతలి టీమువాళ్ళు ఎవరూ ఆయన బంతిని కొట్టి పరుగు తీయలేకపోతున్నారు. ఆట మొత్తం అలాగే సాగితే అది పిచర్ జీవితంలో ఒక్కసారి దక్కినా గొప్పే. పెద్ద టీమువాళ్ళు కబురు పంపినా పంపవచ్చు. సగం ఆట అయ్యేసరికి చుట్టూ జనం గుసగుసలు మానేశారు. మా పక్క సీటులో ఎప్పుడూ కూర్చునే పెద్దావిడ నా మోకాలి మీద చేయి వేసి, "ఇప్పుడు దాని గురించి ఎవరూ నోరెత్తకూడదు. ఆయనతో కూడా మాట్లాడరు, చూడు" అంది. నాకు ఇంకేమీ విడమరిచి చెప్పనవసరం లేకపోయింది. పసిపిల్ల ఒళ్ళు చేసిందని పైకి అనని ఇంట్లో పెరిగినదాన్ని.

మావారు అప్పుడు అక్కడ లేరు. ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం లైన్లో ఉన్నారు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఎనిమిదోది మొదలవుతుండగా చేతుల్లో రెండు పొట్లాలతో మెట్లు దిగుతూ స్కోర్‌బోర్డు చూశారు. మా సీట్లు ఆటగాళ్ళ బెంచీకి సరిగ్గా పైన. పిచర్ గారు బయటికి వస్తున్నారు.

"సర్, నో హిట్స్. జీరో. మీరు సూపర్ సర్" అన్నారు మావారు. క్రికెట్ గ్రౌండ్‌లో అలవాటైన గొంతు ఆయనది. ఊరంతా వినబడింది.

పెద్దావిడ టోపీతో మొహం కప్పుకుంది. వెనక ఎవరో, "ఎవడయ్యా ఇతను?" అన్నారు. పిచర్ గారు తలెత్తి ఒకసారి మావైపు చూసి మైదానంలోకి వెళ్ళారు. మొదటి బ్యాటర్ కొట్టిన బంతి గడ్డి మీద పడి ఎవరికీ అందకుండా దొర్లుకుంటూ పోయింది. గ్రౌండంతా ఒక్కసారి ఉసూరుమంది.

"నేనేమైనా తిట్టానా? మెచ్చుకున్నాను కదా" అన్నారు మావారు.

"కూర్చోండి. అవి తినండి" అన్నాను.

ఆ శనివారం గుడికి వెళ్ళి పిచర్ గారి పేరు మీద అర్చన చేయించాను. పూజారి గారు గోత్రం అడిగారు.

"తెలియదండి. ఆయన బేస్‌బాల్ ఆడతారు."

పూజారి గారు నన్నోసారి చూసి, "తెలియకపోతే కాశ్యప గోత్రం చెబుదామమ్మా. నక్షత్రం?" అన్నారు. గ్రౌండులో అమ్మే ఆయన ఫొటో కార్డు నా పర్సులో ఉంది. వెనకవైపు పుట్టిన రోజు అచ్చువేసి ఉంటుంది. పూజారి గారు ఫోన్లో పంచాంగం చూసి, "స్వాతి. ఇంతకీ కొట్టేవారా, వేసేవారా?" అని అడిగారు.

"వేసేవారండి."

"అయితే భుజం బాగుండాలని చెబుతాను" అని కళ్ళు మూసుకున్నారు.

ఆ సీజన్ అయిపోగానే టీమువాళ్ళు ఆయన్ని వదిలేశారు. పెద్ద టీము నుంచి కబురేమీ రాలేదు. మావారు మళ్ళీ గ్రౌండు మెట్లెక్కలేదు. టీవీలో బేస్‌బాల్ వస్తే ఛానెల్ మార్చేసేవారు. "నేను నోరు మూసుకుని ఉంటే ఆయన బతుకు ఇంకోలా ఉండేది" అని ఎన్నిసార్లు అన్నారో. వయసు వల్లే వదిలేశారని నేను సర్దిచెప్పినా ఆయనకి ఎక్కేది కాదు.

కొన్నేళ్ళ తరవాత మా ఇంటి దగ్గర పార్కులో పిచర్ గారు కనబడ్డారు. పిల్లలకి బంతి విసరడం నేర్పుతున్నారు. "వెనక్కి వెళ్దాం పద" అన్నారు మావారు. నేను కదలలేదు. పాఠం అయ్యాక మావారే వెళ్ళి, తలదించుకుని జరిగింది చెప్పారు.

"ఆ గొంతు మీదేనా?" అంటూ పిచర్ గారు బెంచీ మీద కూలబడి నవ్వారు. "ఆ సాయంత్రం నాతో ఎవరూ మాట్లాడలేదండి. నేను కూర్చుంటే పక్కవాడు లేచి వెళ్ళాడు. నీళ్ళ దగ్గరికి వెళ్తే అందరూ తప్పుకున్నారు. నా మంచి కోసమే చేశారు, తెలుసు. కానీ నన్ను వెలేసినట్టుగా ఉంది. మీ కేక వినగానే, హమ్మయ్య, ఇంకో మనిషి ఉన్నాడనుకున్నాను."

"మరి ఆ హిట్?"

"బంతి ఎత్తుగా పడింది. చేయి వదిలినప్పుడే తెలిసిపోయింది. మీ మాటకి అంత బలమే ఉంటే మావాళ్ళు మిమ్మల్ని ప్రతి ఊరూ తిప్పి, అవతలి పిచర్లని పొగిడించేవాళ్ళు."

ఆ రోజు మావారు మారు అన్నం అడిగి మరీ తిన్నారు.

అప్పటినుంచి ఆయనకి మావారు 'మిస్టర్ నో హిట్స్' అయ్యారు. పార్కుకి పులిహోర తీసుకెళ్తే పిచర్ గారు మిరపకాయలు జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టుకుని, అన్నం తిన్నాక ఒక్కొక్కటీ కొరికేవారు. తప్పు చేసిన పిల్లలకి ఒకటే మాట చెప్పేవారు: "వేసేసిన బంతి నీది కాదు. ఇప్పుడు చేతిలో ఉన్నది నీది." పూజలో మనసు ఎటో పోయినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

ఈ చలికాలంలో ఆయనకి జబ్బు ముదిరింది. చూడటానికి వెళ్తూ కారులో మావారితో, "అక్కడ ఏమీ అడక్కండి. కాసేపు కూర్చుని వచ్చేద్దాం" అని చెప్పాను. ముందు గదిలో మంచం వేశారు. పాత టీమువాళ్ళు వచ్చి ఉన్నారు. వానల గురించి, ట్రాఫిక్ గురించి మాట్లాడుతున్నారు. జబ్బు పేరు ఎవరి నోటా రాలేదు. ఆయన భార్య కాఫీ తేవడం, కప్పులు తీసుకెళ్ళడం తప్ప ఒక్క క్షణం కూర్చోలేదు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక పిచర్ గారు మావారి వైపు తిరిగారు.

"మిస్టర్ నో హిట్స్, మీరు కూడానా?"

మావారు నా మొహం చూశారు. నేను తలూపాను. ఆయన కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, "సర్, భయంగా ఉందా?" అన్నారు.

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

"ఉంది" అన్నారు పిచర్ గారు. వంటింటి వైపు చూసి, "నాకంటే తనకే ఎక్కువ ఉంది. మేమిద్దరం మాత్రం వాన గురించే మాట్లాడుకుంటున్నాం" అన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చున్నారు. మేం మెల్లగా లేచి బూట్లు వేసుకున్నాం. వాళ్ళిద్దరూ గమనించలేదు.

మావారు కారు వెంటనే స్టార్ట్ చేయలేదు. కిటికీలోంచి వాళ్ళు కనబడుతున్నారు. ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ మాట్లాడుకుంటున్నారు. ఆయన ఏదో కాదంటున్నట్టు చేయి పైకెత్తారు. ఆవిడ ఆ చేతిని పట్టుకుని దుప్పటి మీదికి దించి, వదలకుండా, తను చెప్పేది చెబుతూనే ఉన్నారు.