కాలు ఆపిన కాయ

అల్లవరం రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తా మోస్తూ కూడా కృష్ణమోహన్ రెండడుగులకోసారి ఇటూ అటూ చూసేవాడు. కువైట్‌లో ఆరేళ్ళు జీతానికి ఫుట్‌బాల్ ఆడిన మిడ్‌ఫీల్డర్ అతను; బంతి కాలికి అందేలోపే ఎవరికి పాస్ ఇవ్వాలో చుట్టూ చూసుకోవడం అతని పని. మోకాలు పోయింది, క్లబ్బు పంపేసింది, చూపు మాత్రం మైదానంలోనే ఉండిపోయింది.

మొన్న చెరువులో రొయ్యపిల్ల వదిలే ముందు పూజ చేస్తుంటే, యజమాని రాఘవులుగారి చేతిలోంచి కొబ్బరికాయ జారి నీళ్ళకేసి దొర్లింది. కృష్ణమోహన్ కుడికాలు దాన్ని టక్కున తొక్కిపట్టింది.

"అయ్యయ్యో, దేవుడి కాయండీ అది!" అన్నారు రాఘవులుగారి భార్య.

"తప్పయిపోయిందండీ" అంటూ వంగి కాయను కళ్ళకద్దుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. కాలు తగిలినందుకు దేవుడు క్షమిస్తాడేమో. కానీ కాయ ఆగిన ఆ క్షణంలో, ఎవరికి పాస్ ఇవ్వాలా అని తను తలెత్తి గట్టంతా వెతికాడు.

ఆ రోజు నుంచి నేల చూస్తూనే నడుస్తున్నాడు.