పాటు తీసి పోటు పెట్టిన మాస్టారు

ధవళేశ్వరంలో స్థిరపడిన ఆశీర్వాదం మాస్టారు గాలి వాసన చూసి గోదారి ఎన్ని అడుగులుందో చెప్పేస్తారని సముద్రానికి దగ్గరగా గోదారి మధ్యనున్న గువ్వలలంకలో చెప్పుకుంటారు. అవి ఉత్త కోతలు. కానీ ఆయన వరద కబుర్లు పెట్టే వెబ్‌సైటు చూడనిదే ఆ లంకలో ఎవరూ పడవెక్కరన్నది మాత్రం నిజం. ఆనకట్ట దగ్గర నీళ్ళు చూసివచ్చి, ఇంట్లో కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి కబురు రాసుకుని, సిగ్నల్ అందగానే సైటులోకి ఎక్కించడం ఆయన పద్ధతి. ఆ లంక ఆయన పుట్టిన ఊరు. చెల్లెలు జ్ఞానమ్మ ఇంకా అక్కడే ఉంది.

ఆ అమావాస్య మధ్యాహ్నం గోదారి ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. అరిచే గోదారిని మాస్టారు చాలాసార్లు చూశారు. నోరు మూసుకున్న గోదారంటేనే ఆయనకు భయం.

సముద్రం వెనక్కి లాగితే లంకల్లో పాటు అంటారు, ముందుకు తోస్తే పోటు. పాటైతే వరద కడలిలోకి జారిపోతుంది. పోటు ఎదురైతే ఊళ్ళోకి తిరుగుతుంది. ఆ సాయంత్రం వచ్చేది పోటు.

మాస్టారు గబగబా కబురు రాసి, చదువుకుని గతుక్కుమన్నారు. కంగారులో పోటు బదులు అంతటా పాటు అని కొట్టేశారు. అలాగే పంపితే జనం నిశ్చింతగా ఇళ్ళలో కూర్చుంటారు. ఒక్కొక్కటే దిద్దే వ్యవధి లేదు. పాటు కనిపించిన చోటల్లా పోటు పెట్టమని నోట్‌ప్యాడ్‌కి ఒక్క ఆజ్ఞ ఇచ్చి, మళ్ళీ చదవకుండా ఎక్కించేశారు.

సాయంత్రం కావస్తుండగా జ్ఞానమ్మ ఫోన్ చేసింది. నవ్వుతో మాట పెగలడం లేదు.

“ఏంటన్నయ్యా ఈ రాతలు? ‘పడవలు ఏర్పోటు చేశారు’ అంట. ‘పిల్లలతో పోటు గేదెల్నీ తోలుకెళ్ళండి’ అంట. ‘పొరపోటున కూడా ఆగొద్దు’ అంట. సర్పంచి శివరామకృష్ణ గారు పంచాయతీ అరుగెక్కి పైకి చదువుతుంటే ఊరంతా ఇక్కడే ఉంది. మాస్టారు ఈ వయసులో మందు మొదలెట్టారా అంటన్నారు.”

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “పడవేదమ్మా?”

“ఎవడో నీ సైటులో దూరి ఎకసెక్కాలాడుతున్నాడని ఎవరూ ఎక్కలేదు. చూసి చూసి పక్క లంకకి పోయింది.”

“జ్ఞానమ్మా, నవ్వకు. తప్పు రాసింది నేనే. కానీ సాయంత్రం పోటు అన్న మాట నిజం. ఆ పడవని వెనక్కి పిలిపించు.”

“ఏ పోటు? గేదెల పోటా?”

“సముద్రం పోటే, తల్లీ.”

అవతల ఆమె నవ్వు ఆగింది. మిగతా వాళ్ళ నవ్వు ఆగలేదు. ఆ సందడిలోంచి శివరామకృష్ణ గారి గొంతు స్పష్టంగా వినబడింది.

“ఆగండాగండి. అరుగు కింద విడిచిన నా చెప్పులేవండీ? ఈ నీళ్ళెక్కడివి?”