వంతెన మూసిన వారం

ఆటోనగర్‌లో మా షెడ్డులో చేసిన ఇనప కడ్డీలు ఎక్కడెక్కడికో పోతుంటాయి. వాటి వెంట నేను పోయింది ఒక్కసారే. నేపాల్ సరిహద్దులో, కాళీ నది ఒడ్డున ఓ చిన్న ఊరికి. అక్కడ మనుషులు నడిచే వేలాడే వంతెనకి పాత కడ్డీలు మార్చాలి. మా అక్క మొగుడు, నేను బయల్దేరాం.

నాలుగో రోజుకి చేరాం. ఊరంతా ఒకటే వీధి. బూడిద రంగు నీళ్లు హోరుమని పోతున్నాయి. అవతలి గట్టు నేపాల్. అక్కడి గడియారం మనకన్నా పావుగంట ముందు. అవతలి వాళ్లు ఉప్పూ పప్పుకి ఇటొస్తారు, ఇవతలి వాళ్లు చుట్టాలిళ్లకి అటు పోతారు. సరిహద్దంటే ముళ్లకంచె అనుకున్నాను. చంకలో కోడిపెట్టతో దేశం దాటిపోతున్న ముసలాయన్ని చూసి నవ్వొచ్చింది.

మేం దిగింది ఓ పెద్దావిడ ఇంట్లో. కూతుర్ని అవతలి గట్టుకే ఇచ్చింది. మేం వంతెన మూసిన రెండో రోజే ఆ పిల్లకి కాన్పయింది. ఆడపిల్ల. ఫోన్లో పసిదాని ఏడుపు విని ఆవిడ తిన్నగా మా దగ్గరికొచ్చింది.

"నన్నొక్కదాన్ని పోనివ్వండి బాబూ," అంది హిందీలో.

సగం కడ్డీలు ఊడదీసి ఉన్నాయి. కుదరదన్నాను. ఆవిడ ఆ పూటా మాకు వండి వడ్డించి, గుమ్మంలో నదివైపు తిరిగి కూర్చుంది.

"బావా, ఏటి సేద్దాం? ఆవిడ మొకం సూడలేకపోతన్నాను."

"వారం అని ఒప్పుకున్నాం గానీ, వెలుగు రాగానే దిగిపోతే ఐదో రోజుకి తేల్చేత్తాం," అన్నాడు మా బావ.

అలాగే దిగాం. చలికి పానా చేతికి అంటుకుపోయేది. ఆవిడే టీ మోసుకొచ్చేది. మధ్యాహ్నం అవతలి గట్టున అల్లుడు ఎర్ర శాలువాలో బిడ్డని ఎత్తి చూపించేవాడు. "ముక్కు ఎవరిదో ఇక్కణ్ణించి తెలీదే," అనేది ఆవిడ, కళ్లు చికిలించి.

ఐదో రోజు మధ్యాహ్నానికి ఆఖరి నట్టు బిగించాం. వంతెన పనులు చూసే ఇంజనీరు వచ్చి, చూసి సరేనన్నాడు. మొదట దాటింది ఆవిడే. మా ఇద్దర్నీ కూడా లాక్కుపోయింది.

మనవరాలిని చేతిలోకి తీసుకుని ముందు ముక్కే చూసింది. "నాది కాదు, వియ్యపురాలిది!" అంది. ఇంట్లో అందరూ గొల్లున నవ్వారు. మాకు అన్నం, మేకమాంసం పెట్టారు. మా బావ పిల్లని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

ఆవిడ తిరిగి రాలేదు. పదిరోజులుంటానని చెప్పి, తాళంచెవి మా చేతిలో పెట్టింది. "పోయేటప్పుడు పక్కింట్లో ఇవ్వండి," అంది. ఐదు రోజుల కిందట మేమెవరో ఆవిడకి తెలీదు.

మర్నాడు ఆవిడ వంటింట్లో మా బావ చారు కాచాడు. చింతపండు దొరక్క టమాటాలు వేశాడు. పలచగా, నీళ్లలా ఉంది. ఇద్దరం రెండేసిసార్లు పోసుకున్నాం.