చైర్మన్ గారింటి అరుగు

నిరుడు గుంటూరులో బస్సెక్కితే నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. పరుపులు కుట్టే మనిషి, ఒళ్లో కొత్త దిండ్ల మూట. ఆయనది మా ఊరేనట. "మీదే ఊరమ్మా?" అంటే పొన్నూరని అబద్ధమాడాను. మా నాన్న ఒకప్పుడు మా ఊరి మున్సిపల్ చైర్మన్. రోడ్డు వెడల్పు కోసం కొట్లు కూలగొట్టించాడని జనం తిట్టే తిట్లు వింటూ పెరిగాను.

మిరప కల్లాలు దాటుతుంటే ఆయన పాత చైర్మన్లను వరసగా తలుచుకున్నాడు. కుళాయిలు వేయించినాయన, వీధి దీపాలు పెట్టించినాయన.

"ఆ తర్వాతాయన నా కొట్టు పడగొట్టించాడు."

నేను కిటికీ వైపు తిరిగాను.

"అయినా ఆయన్నేమీ అనలేకపోయానమ్మా. మొదటి గునపం దెబ్బ వాళ్లింటి అరుగుకే వేయించాడు. అరుగు పగలగొట్టొద్దని వాళ్ల చిన్నపిల్ల ఒకటే ఏడుపు. ఆ పిల్లని చంకనెత్తుకునే, 'కానీండ్రా' అన్నాడు."

ఆ ఏడుపు నాకు గుర్తుంది. ఎత్తుకున్నది నాన్నేనని మాత్రం గుర్తులేదు.

మా ఊళ్లో బస్సు దిగాక ఆయన ఆగి అడిగాడు. "ఊరికి కొత్తదానివి. ఎవరింటికెళ్లాలమ్మా?"

"చైర్మన్ గారింటికండీ," అన్నాను. "ఆ అరుగు లేని ఇంటికి."