మిద్దె మీద ఎనిమిది

జరగబోయే పనిని డైరీలో పెన్సిలుతో రాస్తాను. జరిగాక ఆ అక్షరాల మీదే సిరాతో దిద్దుతాను. జరగనిది పెన్సిలుగానే ఉండిపోతుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలైన పద్ధతి ఇది, రిటైరయ్యాక కూడా మారలేదు. నా భార్యకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమె చదువంతా తమిళంలో సాగింది. అయినా సాయంత్రం కాఫీ తెచ్చినప్పుడు డైరీలోకి తొంగి చూసి, ఈ రోజు పెన్సిలు ఎన్ని మిగిలాయని అడుగుతుంది. బూడిద రంగు గీతలు ఎక్కువుంటే నా రోజు సరిగా గడవలేదని ఆమెకు లెక్క.

పోయిన వేసవికి ముందు ఒక పెన్సిలు గీత మా ఇద్దరి మధ్యకూ వచ్చింది. ఊళ్లోనే ముదలియార్‌పేటలో ఉండే మా అమ్మాయి, సెలవుల్లో మమ్మల్ని విదేశం తీసుకుపోతానంది. అక్కడ ఏం చూడాలని ఉందని అడిగితే వాళ్లమ్మ ఒక్కటే కోరింది, డాల్ఫిన్. ఆమె ఏంబలంలో వరి పొలాల మధ్య పెరిగిన మనిషి. కాలాపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఇరవై ఏళ్లుగా మా గడప మీద కూర్చుని, పడవల పక్కన డాల్ఫిన్లు ఎగిరే సంగతులు చెబుతూ ఉంది. విని విని నా భార్యకు ఆశ పుట్టింది. అమ్మాయి డాల్ఫిన్ షో ఏ రోజో, ఏ వేళో కనుక్కుని చెప్పింది. నేను పెన్సిలుతో రాసుకున్నాను.

ఎక్కడికి పోయినా ముందుగా దాని గురించి చదవడం నాకు అలవాటు. చదవకుండా ఉంటే బాగుండేదని ఒక పూట అనిపించింది. సముద్రంలో డాల్ఫిన్లు గుంపుగా, ఎంతో దూరం ఈదుతూ బతుకుతాయి. శబ్దం చేసి, అది తిరిగి వచ్చే తీరును బట్టి దారి పోల్చుకుంటాయి. షో జరిగే కొలనులో వాటికి తిరిగి వచ్చేది గోడలను తాకిన శబ్దమే. చెప్పినట్టు ఎగిరితే చేప ముక్క. చాలావాటిని పసితనంలో తల్లి దగ్గరనుంచి పట్టి తెచ్చారు. మన దేశంలో ఇట్లాంటి షోలకు అనుమతే ఇవ్వరు. ఇవన్నీ వరసగా నంబర్లు వేసి రెండు పేజీలు రాసుకుని, ఆమె చిక్కుళ్లు వలుస్తుంటే ఎదురుగా కూర్చుని చదివాను. ఆఫీసులో పై అధికారికి నోట్ పెట్టినట్టు చదివాను. అక్కడే తప్పు చేశాను.

ఆమె చిక్కుళ్ల మీదనుంచి తల ఎత్తలేదు. "నలభై ఏండ్లు సముద్రం పక్కన కాపురం పెట్టినారు. ఒక్కటంటే ఒక్క డాల్ఫిన్ చూపించినారా? ఇప్పుడు పాప చూపిస్తానంటే నోట్సు చదవతా ఉండారు."

నేను లోపలికి రానని, షో అయ్యేదాకా బయట కూర్చుంటానని మాత్రం చెప్పాను. ఎండలో బాగా కూర్చోమంది, తాను చూసొచ్చి చెబుతానంది. ఆ తర్వాత రెండు రోజులు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, డైరీ వైపు చూడకుండానే వెళ్లిపోయింది. ఆమె కోరిక చిన్నది. దాన్ని కాదంటున్నది నేను. ఆ రెండు రోజులూ డైరీలో సిరా గీతలు ఎన్ని ఉన్నా రోజు గడిచినట్టు లేదు.

ఇక్కడ ఎనిమిది సంగతి చెప్పాలి. మూడేళ్ల కిందట ఆమెకు షుగర్ వచ్చింది. మా ఊళ్లో షుగర్ ఉన్నవాళ్లు చాలామంది నేల మీద ఎనిమిది అంకె గీసుకుని దాని వెంబడి నడుస్తారు. నేను టేపు పట్టి కొలిచి, మిద్దె మీద తెల్ల పెయింటుతో పెద్ద ఎనిమిది వేశాను. తన ముగ్గుకన్నా వంకరగా ఉందని ఆమె వెక్కిరించింది. రోజూ సాయంత్రం అరగంట ఆమె నడవాలి, నేను గడియారం పట్టుకుని కూర్చోవాలి. ఆ నడక ఆమెకు గిట్టదు. చూసిన నీళ్ల ట్యాంకునే చూస్తూ తిరిగితే తల తిరుగుతుందని సణిగేది.

మూడో రోజు సాయంత్రం అమ్మాయి వాళ్లమ్మ ఫోనుకు షో వీడియో పంపింది. ఆమె దాన్ని చూస్తూనే ఎనిమిది నడిచింది. డాల్ఫిన్ రింగులోంచి దూకినప్పుడు చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి, నా రెండు పేజీలూ చింపేద్దామనుకున్నాను. షో అయిపోయింది, జనం లేచారు. తీసినవాళ్లెవరో కెమెరా ఆపలేదు. డాల్ఫిన్ గోడ వెంబడి ఒక చుట్టు వేసింది. ఇంకొకటి. మరొకటి.

ఆమె ఎనిమిది మధ్యలో, రెండు సున్నాలు కలిసే చోట ఆగిపోయింది. "ఇది యాడికి పోతా ఉండాది?"

ఎక్కడికీ లేదన్నాను. ఎంతసేపు తిరుగుతుందని అడిగింది. రోజంతా, రోజూ అన్నాను. ఈసారి నంబర్లు వేయలేదు.

ఆమె తన కాళ్ల కింది తెల్ల గీతను చూసింది. "నాకు అరగంట అయితే మెట్లు దిగి పోవచ్చు. దానికి యాడ?"

అక్కడే నిలబడి అమ్మాయికి ఫోన్ చేసింది. మిగతావన్నీ చూద్దాం, అది మాత్రం వద్దంది. నాన్న ఏమన్నా అన్నాడా అని అమ్మాయి అడిగినట్టుంది. "మీ నాయన నోట్సుకు కాదు పాపా. నాకే వద్దనిపించింది." ఫోన్ పెట్టేసి నాకు రెండో మాట చెప్పింది. ఈ ఎనిమిది కూడా తనకు అక్కర్లేదు, రేపటినుంచి బీచ్ రోడ్డుకు పోదాం. ఎక్కడ నడిచినా నడకేనని డాక్టరూ ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి పొద్దున్నే, రాత్రి ఆపిన బండ్లను పోలీసులు తిరిగి వదలకముందే, బీచ్ రోడ్డులో నడుస్తున్నాం. ఒడ్డునుంచి డాల్ఫిన్లు కనబడటం అరుదని చేపలావిడ ముందే చెప్పింది. అయినా నా భార్య ముఖం సముద్రం వైపే. షో గీత పెన్సిలుగానే మిగిలింది. విదేశం పోయి వచ్చాక కూడా నేను ప్రతి రోజూ డైరీలో పెన్సిలుతో ఒక మాట రాసి పెట్టాను, డాల్ఫిన్ అని. వేళ వేయలేదు. వారాల తరబడి అది బూడిద రంగులోనే ఉండిపోయింది. ఆమె చూసేది, లెక్కలో మాత్రం వేసేది కాదు.

మొన్న ఒక పొద్దున ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అదో, అంది. నేను చూశాను. అలలు, దూరంగా ఒక పడవ. దూరపు చూపు కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. రెండు కనిపించాయని, నల్లగా వంగి లోపలికి పోయాయని చెప్పింది. ఎండెక్కేదాకా నిలబడ్డాం. మళ్లీ కనబడలేదు.

ఇన్నేళ్లలో నా కళ్లతో చూడనిది, నేను చేయనిది సిరాతో దిద్దలేదు. సాయంత్రం ఆమె కాఫీ తెచ్చి నా వెనక నిలబడింది. కలం తీసి, డాల్ఫిన్ అన్న మాట మీద అక్షరం వెంట అక్షరం దిద్దాను. పక్కన ఇంకో మాట చేర్చాను. అదేంటని అడిగింది. రెండు అని రాశానన్నాను.

"నల్లగా అని రాయండి" అంది. రాశాను.

"యాడికి పోయినాయో తెలీదని కూడా రాయండి."

అదీ రాశాను.