సద్దుల నాడు లేని కెమెరా

పన్నెండు రోజుల కింద, పొద్దున్నే, చిక్కడపల్లిలో మా పెద్దమ్మ పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను అశోక్ నగర్‌లో నా గదిలో పళ్ళు తోముకుంటున్నాను. చాలా మంచి మనిషి అని అందరూ అంటున్నారు. నిజమే. ఆ మంచితనాన్ని నేనెట్లా వాడుకున్నానో చెప్పకపోతే ఈ నాలుగు మాటలు రాయడం దండగ.

ఆమె మా అమ్మకు అక్క. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆమె దగ్గర చేతిసంచిలో పట్టే చిన్న కెమెరా ఉండేది. ఏటా తమ గల్లీలో బతుకమ్మ ఆడే ఆడవాళ్ళందరికీ దాంతోనే ఫోటోలు తీసేది. నారాయణగూడలో ప్రింట్లు వేయించి, వెనక పేర్లు రాసి, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేది. ఫోన్లో పంపరాదా అంటే, "ఫోన్ల ఉన్నదాన్ని ఎవరు గోడకు పెట్టుకుంటరు?" అనేది. తీసేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టి రెండుకే నొక్కేసేది. "మూడనంగనే అందరు బిగుసుకపోతరు బిడ్డా" అని దానికో సిద్ధాంతం.

చిన్న కెమెరాతో ఆమెకు ఒకటే బాధ. బతుకమ్మ ఆడేది పొద్దుగూకినాక. ఫ్లాష్ వేస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబడేవి, వేయకపోతే ఫోటోలో మనుషులు అలుక్కుపోయేవారు. "గా మసక వెలుతుర్ల వాళ్ళెంత మంచిగుంటరో! ఒక్కసారన్న గట్లనే తియ్యాలె" అని ఏళ్ళ తరబడి అంటూ ఉండేది. ఈ వయసులో పెద్ద కెమెరా ఎందుకని ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయినేడు బతుకమ్మ ముందు కొనేసింది. దుకాణానికి నన్ను తోడు తీసుకుపోయింది. అక్కడి మనిషి లెన్సుల సంగతంతా నాకే చెబుతుంటే అడ్డుపడి, "కొనేది నేను. ఇటు జూసి చెప్పు నాయినా" అంది. కెమెరాను చెంపకు ఆనించి కంటితో చూసి, "ఇట్ల పట్టుకుంటే చెయ్యి వణుకుతలేదురా" అని చిన్నపిల్లలా సంబరపడింది. పాతదాన్ని కరీంనగర్ నుంచి వచ్చిన ఆడబిడ్డకు ఇచ్చి పంపింది.

"పెద్దమ్మా, రెండు రోజులు నాకియ్యి. నేర్చుకొని నీకు నేర్పిస్త" అన్నాను. నేర్పడమూ లేదు, పాడూ లేదు. దోస్తులతో అనంతగిరి పోతున్నాను, మెడలో పెద్ద కెమెరా వేలాడాలి. అంతే. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి తెచ్చిస్తానని మాటిచ్చాను. సద్దుల నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఏడిదాక వచ్చినవ్ బిడ్డా?"

"తొవ్వల ఉన్న పెద్దమ్మా, వస్తున్న."

హోటల్ మంచం మీద పడుకుని చెప్పానా మాట. దోస్తులు ఇంకొక్క రోజు ఉందామన్నారు, ఉండిపోయాను. ఆ కొండల ఫోటోలు ఎవరు చూశారో, అవి ఇప్పుడెక్కడున్నాయో నాకే తెలియదు.

మర్నాడు కెమెరా పట్టుకుపోతే తిడుతుందనుకున్నాను. "తిన్నవా?" అంది. అన్నం పెట్టింది. "వచ్చే ఏడు తీస్తలే" అంది. చలికాలంలో మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. ఆ రోజు నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఇవాళ నాకింత చేదుగా ఉండేది కాదు. ఆమె మీద నాకు కోపమంటూ ఉంటే అదొక్కటే.

మొన్న పదో రోజుకు ఆ గల్లీ ఆడవాళ్ళంతా వచ్చారు. భోజనాల దగ్గర ఎదురింటి అక్క పక్కామెతో అంటోంది.

"పోయినేడు సద్దులకు ఉత్త చేతులతోని వచ్చింది. ఏంది పెద్దమ్మా, ఫోటోలు తియ్యవా అంటే, 'కొత్తది కొన్న గని నాకు నడుపుడు వస్తలేదమ్మా, ఇంట్ల పెట్టొచ్చిన' అన్నది."

"పాపం, గా వయసుల ఏం సమజైతది? ఊకె పరేషాన్."

పప్పు గిన్నె పట్టుకుని నేను వాళ్ళ ముందే నిలబడి ఉన్నాను. కెమెరా ఇంట్లో లేదు, నా దగ్గర ఉండింది. ఆ ఒక్క మాట అంటే ఆమె పరువు ఆమెకు దక్కేది. నోటిదాకా వచ్చింది.

"అక్కా, జర పప్పు వెయ్యన్నా?" అని అడిగాను.

ఆమె చాలంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.